విడిపోయిన అమ్మానాన్నలు, ఇంటి చదువు మీద పేచీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేనూ మా అబ్బాయి వాళ్లమ్మా విడిపోయి వేరువేరుగా ఉంటున్నాం. వాడికి తొమ్మిదేళ్లప్పుడు బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామని నేనన్నాను, ఆమె ససేమిరా అంది. ఆ గొడవ పద్నాలుగు నెలలు నడిచింది. లాయర్ల దాకా వెళ్లాం, మధ్యవర్తి దగ్గర కూర్చున్నాం, మధ్యలో మూడు నెలలు ఒకరితో ఒకరు మాట్లాడుకోనేలేదు. ఆ తర్వాత ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు, హోమ్‌స్కూలింగ్ కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ కూడా, నన్ను అడగడం మొదలుపెట్టారు. ప్రశ్నలు దాదాపు అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు. చట్టం గురించి ఇక్కడ రాసింది దారి తెలియడానికి మాత్రమే, మీ కేసు వరకూ ఫ్యామిలీ కేసులు చూసే లాయర్‌ని ఒక్కసారైనా కలవండి.

పాప నా దగ్గరే ఉంటోంది. చదువు సంగతి నేనొక్కరినే నిర్ణయించుకోవచ్చా?

చాలామటుకు కుదరదు. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారన్నది వేరు, వాళ్ల విషయంలో పెద్ద నిర్ణయాలు ఎవరు తీసుకోవాలన్నది వేరు. పొద్దున ఎన్నింటికి లేపాలి, హోంవర్క్ ఎప్పుడు చేయించాలి లాంటివి ఎవరి దగ్గరుంటే వాళ్ల ఇష్టం. బడి మార్చడం, మాన్పించడం, పెద్ద ఆపరేషన్ చేయించడం, వేరే దేశం తీసుకెళ్లడం లాంటివి మాత్రం, ఇద్దరికీ హక్కున్నప్పుడు, ఇద్దరూ ఒప్పుకుని చేయాల్సిన పనులు. అమెరికాలో ఈ రెంటికీ ఫిజికల్ కస్టడీ, లీగల్ కస్టడీ అని వేరువేరు పేర్లే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో పెద్ద నిర్ణయాలు తీసుకునే హక్కుని పేరెంటల్ రెస్పాన్సిబిలిటీ అంటారు, విడాకులైనంత మాత్రాన అది పోదు. ఇండియాలో కస్టడీ వేరు, గార్డియన్‌షిప్ వేరు. హిందువులకు వర్తించే 1956 నాటి గార్డియన్‌షిప్ చట్టంలో తండ్రి, ఆయన తర్వాత తల్లి సహజ సంరక్షకులని రాసి ఉంటుంది. ఆ ‘తర్వాత’ అనే మాటకి తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం కాదని, ఆయన పిల్లల్ని పట్టించుకోని సందర్భాల్లో కూడా తల్లికి ఆ హక్కు ఉంటుందని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే చట్టంలో 13వ సెక్షన్, అన్నిటికంటే పిల్లల సంక్షేమమే ముఖ్యమంటుంది.

కాబట్టి ముందు మీ విడాకుల ఆర్డరో, ఒప్పందమో బయటకు తీసి చదవండి. చదువు అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ గీత గీయండి. మా ఒప్పందంలో ‘ముఖ్యమైన విద్యా నిర్ణయాలు ఇద్దరూ చర్చించి తీసుకోవాలి’ అని ఒక్క లైను ఉంది, అది ఉందని నాకు గొడవ మొదలైన ఐదో నెలలో తెలిసింది. అప్పటికి నేను చాలా మాటలు అనేసి ఉన్నాను.

అసలు హోమ్‌స్కూలింగ్ చట్టం ఒప్పుకుంటుందా?

మీరుండే చోటుని బట్టి ఉంటుంది, తేడాలు కూడా చిన్నవి కావు. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి. దాని మీద తల్లిదండ్రులు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్తే 2006లో ఒకసారి, 2019లో ఇంకోసారి ఆ కోర్టు జర్మనీ వైపే నిలిచింది. స్వీడన్‌లో చాలా ప్రత్యేకమైన కారణముంటే తప్ప ఒప్పుకోరు. ఫ్రాన్స్‌లో ఇదివరకు తెలియజేస్తే సరిపోయేది, 2021లో చట్టం మార్చి 2022 నుంచి ముందే అనుమతి తీసుకోవాలన్నారు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, కానీ నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. టెక్సస్‌లో ప్రభుత్వానికి రిపోర్టులు పంపే పని లేదు. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి, ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఏడాదికి 900 గంటల చదువు చూపించాలి. ఇంగ్లండ్‌లో 1996 విద్యా చట్టం 7వ సెక్షన్ ప్రకారం బిడ్డకి తగిన చదువు అందేలా చూడాల్సిన బాధ్యత తల్లిదండ్రులది, అది బడిలోనైనా కావచ్చు, మరోలాగైనా కావచ్చు. పక్కనే ఉన్న స్కాట్లాండ్‌లో మాత్రం ప్రభుత్వ బడిలో చదువుతున్న బిడ్డని మాన్పించాలంటే స్థానిక అధికారుల అనుమతి కావాలి. ఇండియాలో 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య అంటుంది. హోమ్‌స్కూలింగ్ అనే మాట అందులో లేదు.

ఇది ముందే ఎందుకు తెలుసుకోవాలంటే, చట్టం ఒప్పుకోని చోట మీ వాదన మొదలుకాకుండానే అయిపోతుంది. ఒప్పుకునే చోట కూడా, ‘చట్టం ఒప్పుకుంటుంది కదా’ అన్నది ‘మన బిడ్డకి ఇది మంచిదేనా’ అన్న ప్రశ్నకి జవాబు కాదు.

ఎంత చెప్పినా అవతలి మనిషి వినట్లేదు. ఎందుకంత మొండితనం?

ఈ మొత్తం పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక మీకుంటే ఇది చదవండి.

ఆరు నెలలపాటు నేను హోమ్‌స్కూలింగ్ ఎంత మంచిదో చెప్తూ పోయాను. వీడియోలు పంపాను, వ్యాసాలు పంపాను, ఇంట్లో చదువుకుని పైకొచ్చినవాళ్ల కథలు పంపాను. ఆమె ఒక్కటి కూడా తెరవలేదు. మధ్యవర్తి దగ్గర మూడోసారి కూర్చున్నప్పుడు ఆవిడ మా అబ్బాయి వాళ్లమ్మని ఒక్కటే అడిగారు: ‘ఇది జరిగితే మీకు ఏం పోతుందని భయం?’ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నా వైపు చూడకుండానే, అంది: ‘ఇప్పుడైతే వాడి గురించి తెలుసుకోవాలంటే నాకు టీచరుంది. స్కూల్ నుంచి మెసేజ్ వస్తుంది. పేరెంట్స్ మీటింగ్‌కి నేనూ వెళ్తాను. బడి మాన్పిస్తే, నా కొడుకు ఏం చదువుతున్నాడో తెలుసుకోవాలన్నా ఈయన్నే అడగాలి.’

అంతే. మా గొడవ లెక్కల గురించి కాదు, సిలబస్ గురించి కాదు, పదిమంది పిల్లలతో కలవడం గురించి కూడా కాదు. విడిపోయిన ఇద్దరికీ బడి అనేది మధ్యస్థంగా ఉండే చోటు. అక్కడ ఇద్దరికీ సమానంగా తలుపు తెరిచి ఉంటుంది. ఇంటి చదువు మొదలైన రోజునుంచి ఆ తలుపు ఒకరి ఇంట్లోకి వెళ్లిపోతుంది, తాళం వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ భయాన్ని తీర్చకుండా మీరెన్ని వ్యాసాలు పంపినా దండగే.

అందరి భయమూ ఇదే అనను. ‘నెలలో నాకున్నదే నాలుగు రోజులు, ఇంట్లోనే చదువైతే మిగతా రోజులన్నీ పిల్ల పూర్తిగా వాళ్లదైపోతుంది’ అనేవాళ్లున్నారు. అవతలివాళ్ల మతం, అభిప్రాయాలు పిల్లకి ఎక్కించేస్తారని బెంగపడేవాళ్లున్నారు. పెద్దయ్యాక పరీక్షలు, సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది వస్తుందనేవాళ్లు చాలామంది. ఏదో ఒకటి ఉంటుంది. అది బయటకి రావాలంటే మీరు మీ వాదన కాసేపు ఆపి అడగాలి, అడిగాక మధ్యలో అడ్డు తగలకుండా వినాలి.

నేను హోమ్‌స్కూలింగ్ వద్దనే వైపు ఉన్నాను. నా అభ్యంతరాలకి విలువ ఉంటుందా?

ఉంటుంది, కానీ ‘బడికి వెళ్లని పిల్లలు ఎందుకూ పనికిరారు’ అన్నట్టు చెబితే ఉండదు. మీ బిడ్డ గురించి, మీ పరిస్థితి గురించి చెప్పండి. బోధించే మనిషి ఉద్యోగం చేస్తూ రోజుకి ఎన్ని గంటలు కూర్చోగలరు? రెండో భాష ఎవరు చెప్తారు? పై తరగతుల సైన్స్ ప్రాక్టికల్స్ ఎలా? స్నేహితులు ఎవరు, వారానికి ఎన్నిసార్లు కలుస్తారు? బిడ్డ వెనకబడుతోందని మూడో మనిషి ఎవరైనా చెప్పగలిగే ఏర్పాటు ఉందా? ఈ ప్రశ్నలు రాసి పంపండి. జవాబులు బాగుంటే ఒప్పుకునే ఉద్దేశం నిజంగా ఉంటేనే పంపండి, ఎందుకంటే అవతలివాళ్లు వారం రోజులు కూర్చుని అన్నిటికీ జవాబు రాశాక కూడా మీరు ‘అయినా సరే వద్దు’ అంటే ఇంకోసారి వాళ్లు మీకు ఏదీ రాయరు.

ఇంకొకటి. అవతలివాళ్లు హోమ్‌స్కూలింగ్ ఎందుకు అడుగుతున్నారో చూడండి. బడిలో ఏడిపిస్తున్నారనా? అక్షరాలు తారుమారవుతున్నా టీచర్లు పట్టించుకోవట్లేదనా? రోజూ పొద్దున కడుపునొప్పి అంటున్నాడనా? వాళ్లు చెప్పే పరిష్కారం మీకు నచ్చకపోవచ్చు, వాళ్లు చెప్పే సమస్య మాత్రం నిజం కావచ్చు. మీరు వద్దన్నంత మాత్రాన ఆ కడుపునొప్పి తగ్గదు.

బడిలో నిజంగానే ఇబ్బంది ఉంది. అయినా హోమ్‌స్కూలింగ్‌కి ముందు చేయాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. బడికి రాతపూర్వకంగా ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు, పిల్లల సైకాలజిస్టు దగ్గర పరీక్ష, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటిదేమైనా ఉందేమో చూపించుకోవడం, సెక్షన్ మార్చడం, అవసరమైతే బడే మార్చడం. ఇవన్నీ ప్రయత్నించి కుదరక ఇంటి చదువుకి వచ్చామని చూపించగలిగితే అవతలి మనిషి దగ్గరా కోర్టు దగ్గరా కూడా మీ మాటకి బరువు వస్తుంది. సైకాలజిస్టు దగ్గరికి వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒకరే తీసుకెళ్లి తెచ్చిన రిపోర్టుని రెండోవాళ్లు నమ్మరు, నేను చూశాను.

మాట మొదలుపెట్టడం ఎలా? ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో గొడవే.

ఫోన్ వద్దు. పిల్లల్ని అప్పగించేటప్పుడు గుమ్మం దగ్గర అసలు వద్దు. రాయండి. పాత సంగతులు ఏవీ లేకుండా, ‘నువ్వెప్పుడూ ఇంతే’ లాంటి మాట ఒక్కటీ లేకుండా. నేను చివరికి పంపింది దాదాపు ఇలా ఉంది:

‘వాడి చదువు గురించి ఒక ఆలోచన ఉంది. నిర్ణయం ఏదీ తీసుకోలేదు, నువ్వు ఒప్పుకోకుండా తీసుకోను. రెండు పేజీలు రాశాను, జతచేశాను. చదివి, నీకు భయంగా అనిపించినవి ఏంటో రాయి. రెండు వారాల తర్వాత మాట్లాడదాం. అప్పటివరకూ బడి మామూలుగానే.’

‘నువ్వు ఒప్పుకోకుండా తీసుకోను’ అన్న మాట రాయడానికి నాకు చాలా కష్టమైంది. కానీ మొదటిసారి జవాబు వచ్చింది ఆ మెసేజ్‌కే.

ఆ రెండు పేజీల్లో ఏముండాలి?

ఎవరు ఏ సబ్జెక్ట్ చెప్తారు, ఏ పుస్తకాలు, ఏ సిలబస్. వారంలో ఏ రోజు ఎన్ని గంటలు. ఒక్కరికే చెప్పేటప్పుడు చిన్న తరగతులకి బడిలో పట్టినన్ని గంటలు పట్టవు, కానీ ‘మాకు రెండు గంటలు చాలు’ అని మాత్రం రాసేయకండి, మీరుండే చోట నియమం ఎన్ని గంటలంటుందో చూసి రాయండి. ఆటలు, స్నేహితులు, బయటి క్లాసులు. ఖర్చెంత, ఎవరిది. పరీక్షలు ఏ దారిలో రాస్తాడు.

ఇవి ఎవరైనా రాస్తారు. చాలామంది వదిలేసేవి మూడున్నాయి, నిజానికి అసలైనవి అవే. మొదటిది, అవతలి మనిషికి కనబడే కిటికీ: వాడి పనులన్నీ ఫోటోలు తీసి ఇద్దరూ చూడగలిగే ఫోల్డర్‌లో పెట్టడం, వారం చివర పది లైన్ల నోట్, బయటి ట్యూటర్‌తో రెండోవాళ్లు నేరుగా మాట్లాడే వీలు. రెండోది, మన ఇద్దరం కాని మనిషి ఒకరు మూడు, నాలుగు నెలలకోసారి బిడ్డ చదువు చూసి ఇద్దరికీ ఒకే రిపోర్టు ఇవ్వడం. మూడోది, ఎప్పుడు ఆపేస్తామన్నది. ‘ఈ తేదీ వరకు చూద్దాం, ఆ రోజున ఈ నాలుగు సంగతులు ఇలా లేకపోతే తిరిగి బడికి పంపుదాం’ అని ముందే రాసుకోవడం. గడువు రాసి ఉన్న ప్రయోగానికి ఒప్పుకోవడం తేలిక. ‘ఇక మీదట ఇంతే’ అంటే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది.

రెండో ఇంట్లో ఉన్న రోజుల్లో చదువు ఎవరిది?

ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టొద్దు. బడి ఉంటే పిల్ల ఏ ఇంట్లో ఉన్నా పొద్దున్నే అదే బడికి వెళ్తుంది, ఇంటి చదువులో అలా కాదు. మీ దగ్గర నాలుగు రోజులు పాఠాలు, అక్కడ మూడు రోజులు సెలవులు అన్నట్టయితే నెల తిరక్కుండా ఒకరు ఎప్పుడూ కసిరేవాళ్లు, ఒకరు ఎప్పుడూ ఆడించేవాళ్లు అయిపోతారు. కొందరు రెండో ఇంటికి వాళ్లకి ఇష్టమైన సబ్జెక్టులే ఇస్తారు. మా ఇద్దరిలో చరిత్ర, కథలు చెప్పడం ఆమెకే బాగా వచ్చు, అవి ఆమె రోజుల్లోకి వెళ్లాయి. ఇష్టం లేకుండా ఒప్పుకున్న మనిషి తనూ ఒక సబ్జెక్ట్ చెప్పడం మొదలుపెట్టాక ఆమె మాట తీరే మారింది, ఇది నేను అనుకోనిది.

పని ఇస్తే ఇవ్వండి, నిఘా మాత్రం పెట్టొద్దు. ‘నిన్న అక్కడ ఏం చేశావు, ఏం చేయలేదు’ అని పిల్లని ప్రశ్నించడం అదే అవుతుంది.

పిల్లవాడినే అడిగితే పోదా?

అడగాలి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 1989 నాటిది, 12వ అధికరణంలో పిల్లలకి తమకి సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కుందని, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలని చెప్తుంది. ఇండియాలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో కూడా, తెలివిగా ఇష్టాయిష్టాలు చెప్పగలిగే వయసొస్తే కోర్టు పిల్లల మాటని లెక్కలోకి తీసుకోవచ్చని ఉంది. కానీ వినడం వేరు, నిర్ణయం వాళ్ల నెత్తిన పెట్టడం వేరు. ‘నీకు బడా, ఇల్లా?’ అని ఒక్కరే అడిగితే ఆ బిడ్డకి వినబడేది ‘నీకు నేనా, అమ్మా?’ అని.

ఒకరోజు వాణ్ణి వాళ్లమ్మ ఇంటికి పంపేముందు బ్యాగ్ సర్దుతుంటే చూశాను. నేను తెచ్చిన లెక్కల పుస్తకం, అప్పటికి మేం బడి మాన్పించలేదు, ఖాళీ ఉన్నప్పుడు చేయిద్దామని తెచ్చింది, దాన్ని బ్యాగ్‌లోంచి తీసి మంచం కింద పెడుతున్నాడు. ఎందుకురా అన్నాను. ‘అమ్మ చూస్తే మళ్లీ నీకు ఫోన్ చేస్తుంది కదా’ అన్నాడు. పక్కన ఇంకో పుస్తకం ఉంది, అది వాళ్లమ్మ కొనిచ్చిన బడి వర్క్‌బుక్, మా ఇంటికి వచ్చినప్పుడల్లా అది కూడా ఆ మంచం కిందికే వెళ్తోందని అప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్లవాడు రెండిళ్ల మధ్య గొడవ రాకుండా పుస్తకాలు దాచుకుంటున్నాడు. లాయర్ నోటీసు పంపించాలని అనుకున్న వారం అది. పంపలేదు.

అడగాలనుకుంటే ఇద్దరూ కలిసి అడగండి, లేదా పిల్లలతో మాట్లాడటం తెలిసిన కౌన్సిలర్‌తో అడిగించండి. బడిలో ఏది బాగుంటుంది, ఏది బాగోదు, రోజులో ఏ టైమ్ ఇష్టం అని అడగండి. ఏం చేయాలో తేల్చేది మీ ఇద్దరే అని కూడా వాళ్లకి చెప్పండి, అది విన్నాక పిల్లల భుజాల మీది బరువు దిగడం కనబడుతుంది.

చెప్పకుండా బడి మాన్పించేస్తే? తర్వాత వాళ్లే అలవాటు పడతారు కదా?

పడరు. ఒకరు ఏకపక్షంగా చేశారంటే అవతలివాళ్లు కోర్టుకి వెళ్లడానికి మీరే దారి చూపించినట్టు. జడ్జి ముందు మొదట వచ్చే ప్రశ్న హోమ్‌స్కూలింగ్ మంచిదా కాదా అని ఉండదు, మీతో కలిసి నిర్ణయాలు తీసుకోవడం సాధ్యమేనా అని ఉంటుంది. మీ ఒప్పందాన్ని మీరే దాటితే కోర్టు ధిక్కారం దాకా కూడా వెళ్లొచ్చు. రెండోవైపు వాళ్లు చెప్పకుండా కొత్త బడిలో చేర్పించేసినా ఇదే మాట.

కోర్టు దాకా వెళ్తే ఏం చూస్తారు?

చాలా దేశాల్లో మూలసూత్రం ఒకటే, బిడ్డ మేలు ఎందులో ఉందన్నది. ‘బడే మంచిది’, ‘ఇల్లే మంచిది’ అని ముందే అనుకుని కూర్చునే కోర్టులు తక్కువ. అమెరికాలో పెన్సిల్వేనియా సుపీరియర్ కోర్టు ముందుకి 2008లో ఇలాంటి కేసే వచ్చింది. తల్లి ఇంట్లో చదివిస్తోంది, తండ్రికి ఇష్టం లేదు, ఇద్దరికీ ఒప్పుదల లేనప్పుడు బడికే మొగ్గు ఇవ్వాలని నియమం పెట్టమని అడిగాడు. కోర్టు అలాంటి నియమం పెట్టనంది, ఆ పిల్లల సంగతి ఆ పిల్లలదిగానే చూడాలంది, ఇంటి చదువుని కొనసాగనిచ్చింది. మూడేళ్ల తర్వాత 2011లో న్యూ హాంప్‌షైర్ సుప్రీంకోర్టు, ఇంట్లో చదువుకుంటున్న ఒక అమ్మాయిని ప్రభుత్వ బడికి పంపాలన్న కింది కోర్టు ఆదేశాన్ని సమర్థించింది. అదే సూత్రం, రెండు రకాల ఫలితాలు. ఎవరో ఎక్కడో గెలిచారు కాబట్టి మనమూ గెలుస్తాం అనుకోవడానికి లేదు.

ఇంగ్లండ్‌లో 1989 చిల్డ్రన్ యాక్ట్ 8వ సెక్షన్ కింద ఈ ఒక్క ప్రశ్న మీదే ఆర్డర్ అడగొచ్చు, అవతలివాళ్లు బడి మాన్పించకుండా ఆపమని కూడా అడగొచ్చు. అక్కడ చాలా సందర్భాల్లో కేసు వేయకముందే మధ్యవర్తిత్వం గురించి ఒక సమావేశానికి వెళ్లాలి. ఇండియాలో 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం కోర్టే ముందు రాజీకి ప్రయత్నించాలి.

జడ్జిలు సాధారణంగా చూసేవి: ఇప్పటిదాకా బిడ్డ ఎలా చదివింది, మార్పు వస్తే ప్రభావం ఎలా ఉంటుంది, చదివించే మనిషికి ఓపికా టైమూ ఉన్నాయా, తోటి పిల్లలతో కలయిక, బిడ్డ అభిప్రాయం, రెండో పేరెంట్‌తో సంబంధం దెబ్బతింటుందా. చివరిది చాలామంది పట్టించుకోరు. ఇంటి చదువు పేరుతో బిడ్డని రెండోవాళ్లకి దూరం చేస్తున్నారన్న అనుమానం ఒక్కటి వస్తే మిగతావన్నీ బాగున్నా కేసు ఎదురు తిరుగుతుంది. కొన్నిసార్లు కోర్టు బడా ఇల్లా అని చెప్పకుండా, చదువు విషయాల్లో నిర్ణయాధికారం ఒకరికి ఇచ్చేస్తుంది. అప్పుడు రెండోవాళ్లకి మాట చెప్పే అవకాశం కూడా తగ్గిపోతుంది, అందుకే కోర్టుకి వెళ్లేముందు ఇద్దరూ ఇది ఆలోచించుకోవాలి.

నేను ఉద్యోగం మానేసి చదివిస్తే భరణం పెంచమని అడగొచ్చా?

అడగడం అడగొచ్చు, ఇస్తారన్న నమ్మకం పెట్టుకోకండి. ఇష్టపూర్వకంగా ఆదాయం తగ్గించుకున్నారని అవతలి లాయర్ వాదిస్తారు. డబ్బు సంగతి చదువు సంగతితో కలిపితే, మీరు డబ్బు కోసమే ఇదంతా చేస్తున్నారని అవతలివాళ్లు అనుకోవడం ఖాయం. పుస్తకాలు, ట్యూటర్లు, పరీక్ష ఫీజులు ఎవరెంత అన్నది మాత్రం ముందే కాగితం మీద పెట్టుకోండి.

పూర్తిగా బడీ కాదు, పూర్తిగా ఇల్లూ కాదు అన్నట్టు ఏదైనా ఉందా?

చాలా ఉన్నాయి, గొడవ వేడిలో ఎవరికీ గుర్తురావు. ఇంగ్లండ్‌లో హెడ్ టీచర్ ఒప్పుకుంటే వారంలో కొన్ని రోజులే బడికి పంపవచ్చు. ఆన్‌లైన్ బడులున్నాయి, వాటిలో టీచరు, మార్కులు, పేరెంట్స్ మీటింగ్ అన్నీ ఉంటాయి కాబట్టి ఇందాక చెప్పిన తలుపు సమస్య చాలావరకు తీరిపోతుంది. చిన్న బడికి మార్చడం, ఒక విద్యా సంవత్సరం మాత్రమే ఇంట్లో ఉంచడం, బడి ఉంచుతూనే ఇబ్బందిగా ఉన్న ఒక్క సబ్జెక్ట్ ఇంట్లో చెప్పడం. మేం చివరికి ఒప్పుకున్నది ఒక్క ఏడాదికి, బయటి ట్యూటర్‌తో, నాలుగు నెలలకోసారి చూసుకునేలా.

తర్వాత బడికి వెళ్లాలంటే, పరీక్షలు రాయాలంటే ఇబ్బందా?

ముందు ఆలోచిస్తే పెద్ద ఇబ్బంది కాదు. ఇండియాలో ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా 14 ఏళ్లు నిండాక పదో తరగతి పరీక్ష రాయొచ్చు. ఇంగ్లండ్‌లో జీసీఎస్‌ఈలు, అంటే అక్కడ దాదాపు పదహారేళ్లకి రాసే బడి పరీక్షలు, ప్రైవేట్ అభ్యర్థిగా రాయొచ్చు, పరీక్షా కేంద్రం మీరే వెతుక్కోవాలి. మధ్యలో ఏదో ఒక తరగతిలో తిరిగి చేర్చుకునేటప్పుడు చాలా బడులు ఒక పరీక్ష పెట్టి చూస్తాయి. అందుకే పనులన్నీ తేదీలతో దాచండి, రాత నమూనాలు, చదివిన పుస్తకాల జాబితా, ట్యూటర్ రిపోర్టులు. కోర్టులోనూ ఇవే అక్కరకొస్తాయి.

అవతలి మనిషి కొట్టేవాడు, బెదిరించేవాడు. ఆయనతో కూడా కలిసి ప్లాన్ రాయాలా?

లేదు. ఈ పేజీలో కలిసి కూర్చోవడం గురించి రాసిందేదీ మీకు వర్తించదు. హింస ఉన్నచోట మధ్యవర్తిత్వం ప్రమాదం కావచ్చు, చాలాచోట్ల చట్టమే దాన్నుంచి మినహాయింపు ఇస్తుంది. మీ రక్షణ, బిడ్డ రక్షణ ముందు. లాయర్ ద్వారానే మాట్లాడండి, మీ చిరునామా బయటపెట్టే ఏ ఉమ్మడి ఫోల్డరూ పెట్టకండి. దీనికి రెండో వైపు కూడా ఉంది: బిడ్డని బడి మాన్పించడం ద్వారా దెబ్బలు, ఆకలి బయటి కంటికి కనబడకుండా చేస్తున్నారని మీకు నిజంగా అనిపిస్తే, అది చదువు గురించిన అభిప్రాయభేదం కాదు. ఆ రోజే పిల్లల రక్షణ అధికారులకి చెప్పండి, ప్లాన్‌లూ గడువులూ అంటూ ఆగకండి.

సమీక్ష రోజున ఇద్దరం ఏం చూసుకోవాలి?

ముందే రాసుకున్న నాలుగైదు సంగతులు మాత్రమే. ట్యూటర్ రిపోర్టు ఇద్దరూ ఒకరోజు ముందే చదివి రండి. ఒక గంట, అంతకంటే ఎక్కువ కూర్చోవద్దు, పాత గొడవలు వస్తే అక్కడితో ఆపి ఇంకో రోజు పెట్టుకోండి. మా మొదటి సమీక్షలో వాడి లెక్కలు బాగున్నాయి, రాయడం వెనకబడింది, స్నేహితులు ఇద్దరే మిగిలారు. రెండోది చూసి నేను వాదించబోయాను, మూడోది చూశాక ఏమీ అనలేకపోయాను. వారానికి మూడు సాయంత్రాలు బయట ఆటలకి పంపాలని ఆమె అంది, రాసుకున్నాం. ఏడాది పూర్తయ్యాక వాడే ఆరో తరగతికి బడికి వెళ్తానన్నాడు, ఇద్దరి ముందూ, ఒకే మాట. చేర్పించడానికి ఇద్దరం వెళ్లాం, ఫారంలో ఫోన్ నంబర్ల దగ్గర రెండూ రాశాం.